పడవ మాటలు నేర్చుకునేదెలా: ఇంటి గోలెం నుంచి సాగర్ లాంచీ దాకా

"పోర్ట్ అంటే ఎడమా, కుడా?" "నాట్ అంటే ముడి కదా, మరి వేగమెట్లయింది?" "షీట్ అంటే తెరచాపేనా?" ఈ మూడు ప్రశ్నలకు ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్క లేదు. కొడుకును మర్చంట్ నేవీ కోర్సులో చేర్పించిన మిర్యాలగూడ తండ్రి అడిగాడు. నేవల్ ఎన్‌సీసీలో చేరిన అమ్మాయి అడిగింది. మేనల్లుణ్ణి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌కు సెయిలింగ్ నేర్చుకోవడానికి పంపిన మేనత్త కూడా అడిగింది. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఒకేసారి రాసిపెడుతున్నా.

"సముద్రం లేని నల్లగొండోళ్లకు ఓడ మాటలెందుకు?" అని మా బావ ఎకసెక్కాలాడతాడు. సముద్రం లేకపోవచ్చు, కృష్ణ ఉంది. నాగార్జునసాగర్‌లో లాంచీలున్నాయి, సోమశిలలో బోట్లున్నాయి, జూరాల వెనక నీళ్లలో పుట్టిలున్నాయి.

ముందే చెప్తున్నా, పదాల పట్టిక తీసుకుని బట్టీ పట్టకండి. నేను పట్టాను. అరవై పదాలు నోటికొచ్చాయి, పడవెక్కిన మొదటి గంటలోనే సగం తారుమారయ్యాయి. ఎందుకో ఆ తరవాత మా తాత ఎడ్ల కొట్టంలో నిలబడ్డప్పుడు తెలిసింది. దాపటెద్దు, ఎలపటెద్దు అంటాం కదా. కాడికి ఎడమ పక్క కట్టేది దాపటిది, కుడి పక్కది ఎలపటిది. మీరు ఎడ్లకు ఎదురుగా నిలబడితే దాపటెద్దు మీ కుడిచేతి వైపు కనబడుతుంది. అయినా దాన్ని ఎలపటిదని ఎవరూ అనరు. ఆ పేరు కాడిది, చూసేవాడిది కాదు. పడవ మాటలన్నీ ఇట్లాంటివే. కొన్ని పడవకు చెందినవి, కొన్ని గాలికి చెందినవి. మీ ఎడమ కుడులతో వాటికి పని లేదు. ఏ మాట విన్నా "ఇది పడవదా, గాలిదా?" అని ముందు అడగండి.

కావలసినవి

- నీళ్లు నింపిన గోలెం లేదా వెడల్పాటి టబ్బు
- థర్మకోల్‌తో చేసిన జానెడు పడవ. కాగితం పడవ వద్దు, పది నిమిషాల్లో నానిపోతుంది
- ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు
- చీపురుపుల్ల ఒకటి, పలచని ప్లాస్టిక్ కవరు ముక్క, పాత ఏటీఎం కార్డు
- గుప్పెడు గులకరాళ్లు, ఒక స్కేలు
- రెండు బారల నూలు తాడు
- అగరబత్తి, విసనకర్ర

టేబుల్ ఫ్యాన్ వాడొచ్చు గానీ గోలేనికి కనీసం నాలుగడుగుల దూరంలో పెట్టండి, తడి చేతితో స్విచ్ ముట్టుకోకండి. చిన్న పిల్లలతో చేస్తుంటే ఫ్యాన్ జోలికే పోవద్దు, విసనకర్ర చాలు. పని అయ్యాక గోలెం మీద మూత పెట్టడం మరవకండి.

1. పడవకు ముందు, వెనక, పక్కలు గుర్తు పెట్టండి

థర్మకోల్ ముక్కకు ఒక కొస సూదిగా కోయండి. అది బౌ, అంటే పడవ ముక్కు. వెనక కొస స్టెర్న్. వెనకనుంచి ముందుకు చూస్తూ ఎడమ అంచుకు ఎరుపు పూయండి, అది పోర్ట్. కుడి అంచుకు ఆకుపచ్చ, అది స్టార్‌బోర్డ్. మన లెక్కలో ఎర్రది దాపల, పచ్చది ఎలపల.

ఇప్పుడు పడవ ముక్కును మీ వైపు తిప్పి, "పోర్ట్ ఎటు?" అని ఇంట్లోవాళ్లతో అడిగించుకోండి. వేలు ఎరుపు మీదికే పోవాలి. ఎడమచేతి వైపు పోయిందంటే ఇంకా కుదరలేదు. రెండో అడుగుకు పోకండి, దాపటెద్దును తలచుకుని మళ్లీ చేయండి.

ఎడమ, కుడి అనే మాటలు పడవ మీద ఎందుకు చెల్లవో తెడ్లు వేసేవాణ్ణి చూస్తే తెలుస్తుంది. రెండు తెడ్లతో పడవ నడిపేవాడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. అతని ఎడమ పడవకు కుడి. ఒడ్డు మీదివాడు "ఎడమకు లాగు" అంటే ఎవరి ఎడమకని లాగాలి? స్టార్‌బోర్డ్ అనే మాట కూడా పనిలోంచి పుట్టిందే. పాతకాలం ఓడలకు చుక్కాని తెడ్డు కుడి పక్కన ఉండేది, 'స్టీర్' చేసే పక్క కాబట్టి ఆ పేరొచ్చింది. తెడ్డు విరగకుండా ఎడమ పక్కను రేవుకు ఆనించేవాళ్లు. ఎడమను ముందు లార్‌బోర్డ్ అనేవాళ్లు. గాలిలో అరిస్తే రెండూ ఒకేలా వినబడి గందరగోళం అవుతోందని బ్రిటిష్ నౌకాదళం 1844లో దాన్ని తీసేసి పోర్ట్ అనే మాటే ఖాయం చేసింది.

రాత్రిపూట ఇవే రంగులు దీపాలవుతాయి. ఎదుటి పడవది ఎర్రదీపం కనబడితే మీరు దాని పోర్ట్ పక్క చూస్తున్నట్టు. పచ్చది కనబడితే స్టార్‌బోర్డ్ పక్క. రెండూ కనబడితే అది నేరుగా మీ మీదికే వస్తోంది. మరబోట్లయితే అప్పుడు ఇద్దరూ స్టార్‌బోర్డ్‌కు తిరగాలి. రెండు మరబోట్లు అడ్డంగా ఎదురుపడ్డప్పుడు మీకు కుడి పక్కనుంచి ఎర్రదీపం కనబడితే ఆగి దారి ఇచ్చేది మీరే. చౌరస్తాలో ఎర్రలైటు పడ్డట్టే అనుకోండి.

పుట్టి విషయం వేరు. వెదురుతో అల్లిన గుండ్రటి గంప, దానికి ముక్కూ లేదు, తోకా లేదు. పోర్ట్, స్టార్‌బోర్డ్ దానికి అంటవు. పుట్టిలో కూర్చుని ఈ పాఠం చదివితే తల తిరుగుతుంది, పుట్టి తిరిగినట్టే.

2. వెడల్పు, మునక, గట్టు కొలవండి

పడవ అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట కొలత తీసుకోండి. అది బీమ్. నీళ్లలో వదిలి, నీటి మట్టం నుంచి అడుగుదాకా ఎంత మునిగిందో చూడండి, అది డ్రాఫ్ట్. నీటి మట్టం నుంచి పై అంచుదాకా ఎంత మిగిలిందో అది ఫ్రీబోర్డ్. ఒక్కొక్క గులకరాయి వేస్తూ రెండూ కొలవండి. డ్రాఫ్ట్ ఎంత పెరిగితే ఫ్రీబోర్డ్ అంతే తగ్గాలి. మీ అంకెలు అట్లా రాకపోతే పడవ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, రాళ్లు నడిమికి జరపండి.

ఇది ఆట కాదు. బోటెక్కేముందు మనలాంటి ప్రయాణికులు కంటితో చూసి చెప్పగల కొలత ఫ్రీబోర్డ్ ఒక్కటే. జనం ఎక్కేకొద్దీ అంచు నీటికి దగ్గరవుతుంటే, అల వస్తే లోపలికి పడేంత దగ్గరయితే, దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోనీ. ఇప్పుడు రాళ్లన్నీ ఒకే అంచుకు జరిపి చూడండి. సెల్ఫీ కోసం అందరూ ఒక పక్కకు ఉరికితే ఏమవుతుందో గోలెంలోనే కనబడుతుంది.

డ్రాఫ్ట్ సంగతి సోమశిల దిక్కు బోటు నడిపేవాళ్లను అడగండి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నిండుగా ఉన్నప్పుడు ఆవలి ఒడ్డు సంగమేశ్వరం గుడి నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగేకొద్దీ గుడి, రాళ్లు, మునిగిన ఊళ్ల గోడలు పైకి తేలతాయి. వానాకాలంలో హాయిగా పోయిన బోటు ఎండాకాలంలో అదే దారిలో అడుగు గీరుకుంటుంది.

లోతుకు ఇంగ్లిష్‌వాళ్ల పాత కొలత ఫాథమ్, 6 అడుగులు. ఈ మాట పాత ఇంగ్లిష్‌లో రెండు చేతులు బారచాపడం అనే అర్థం నుంచి వచ్చింది. మన బార కూడా అదే. తాడును చేతులు చాపి కొలిచిన ప్రతివాడూ ఎక్కడున్నా అదే లెక్కకు వచ్చాడన్నమాట. ఫాథమ్ అని చూసినప్పుడల్లా బార అని చదువుకోండి, సరిపోతుంది.

3. గాలి మాటలు

గాలి ఎక్కడినుంచి వస్తుందో ఆ పేరే గాలికి పెడతారు. మనమూ పడమటి గాలి అంటే పడమటినుంచి వచ్చేదనే కదా అనుకుంటాం. తిరకాసు నీటి ప్రవాహం దగ్గరుంది. ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు పెడతారు. అంటే పడమటి గాలి, తూర్పు ప్రవాహం రెండూ ఒకే దిక్కుకు పోతున్నట్టు లెక్క.

అగరబత్తి వెలిగించి పడవ పక్కన పెట్టి విసరండి. పొగ వచ్చే పక్క విండ్‌వర్డ్, పొగ పోయే పక్క లీవర్డ్. కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొల్లు గాలివాలుకు పోయి పడుతుంది. గాలివాలున కూర్చున్న పిల్లవాడి నెత్తినిండా పొల్లే. ఆ పిల్లవాడు లీవర్డ్‌లో ఉన్నాడు. తంబాకు ఉమ్మేవాళ్లు, వాంతి వచ్చేవాళ్లు కూడా లాంచీలో ఆ పక్కకే పోవాలి. ఈ మర్యాద ఒక్కటి తెలిసినా పక్కవాళ్లు దండం పెడతారు.

ఎక్కువమంది తడబడేది 'లీ' దగ్గర. ద్వీపానికి 'లీ' అంటే గాలి తగలని మరుగు. 'లీ షోర్' అంటే మాత్రం ప్రమాదకరమైన ఒడ్డు. ఒకే మాట రెండు తీర్ల ఎట్లా? నాగార్జునకొండను తీసుకోండి. పడమటి గాలి వీస్తోందనుకుందాం. కొండకు తూర్పు పక్క గాలి మరుగు, అక్కడ నీళ్లు నిలకడగా ఉంటాయి. అది కొండకు 'లీ'. మీ పడవ కొండకు పడమట ఉండి ఇంజను ఆగిపోయిందనుకోండి. గాలి మిమ్మల్ని నేరుగా కొండ రాళ్ల మీదికి తోస్తుంది. కొండ పడమటి ఒడ్డు మీ పడవకు 'లీ షోర్'. మొదటిది కొండ దగ్గర నిలబడి చెప్పిన మాట, రెండోది పడవలో కూర్చుని చెప్పిన మాట. కాగితం మీద ఒక గుండ్రం, ఒక బాణం గీసి రెండూ గుర్తించండి. ఇది వచ్చిందంటే గాలి మాటల్లో ముప్పాతిక వచ్చినట్టే.

4. తెరచాప ఎత్తి గాలికి ఎదురుపోవడం

చీపురుపుల్లను నడిమికి కొంచెం ముందు గుచ్చండి, అది మాస్ట్. కవరు ముక్కను మూడు మూలలుగా కోసి కట్టండి, అది మెయిన్‌సెయిల్. తెరచాప కింది అంచుకు అడ్డంగా కట్టే కొయ్య బూమ్. మాస్ట్‌కు ముందుండే చిన్న తెరచాప జిబ్.

ఇప్పుడు పక్కనుంచి విసరండి. పడవ ముందుకు పోదు, పక్కకు జారుతుంది. అందరూ ఇక్కడే "నా పడవ చెడిపోయింది" అంటారు. చెడిపోలేదు. అడుగున ఏటీఎం కార్డును నిలువుగా గుచ్చి మళ్లీ విసరండి. పక్కజారుడు తగ్గి ముందుకు కదులుతుంది. ఆ కార్డు చేసిన పనే పెద్ద పడవ అడుగున నిలువుగా ఉండే కీల్ చేస్తుంది. చిన్న పడవల్లో దింపి ఎత్తుకునే పలక ఉంటుంది, దాన్ని సెంటర్‌బోర్డ్ లేదా డాగర్‌బోర్డ్ అంటారు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లే, దానికీ ఈ పలక ఉంటుంది. ఒడ్డుకు వచ్చేటప్పుడు దాన్ని ఎత్తడం మరిచిపోతే బురదలో దిగబడుతుంది.

ఏ పడవా గాలి వచ్చే దిక్కుకే సూటిగా పోలేదు. అటూ ఇటూ దాదాపు 45 డిగ్రీల మేర తెరచాప ఊరికే రెపరెపలాడుతుంది. ఎదురు దిక్కుకు పోవాలంటే వంకరటింకరగా పోవాలి. బరువు బండిని మిట్ట ఎక్కించేటప్పుడు ఎడ్లను సూటిగా తోలం, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ ఎక్కిస్తాం. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపులు కూడా అందుకే. పడవ ముక్కును గాలి వచ్చే దిక్కు దాటించి అవతలి పక్కకు మారడమే ట్యాకింగ్.

ట్యాక్ అనే మాటకు మూడు అర్థాలు. తెరచాప ముందు కింది మూల పేరు ట్యాక్. అట్లా మలుపు తిప్పడమూ ట్యాక్. గాలి ఏ పక్కనుంచి తగులుతుందో చెప్పే మాటా ట్యాకే. గాలి కుడి పక్కనుంచి తగిలితే పడవ స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద ఉన్నట్టు, అప్పుడు బూమ్ ఎడమ పక్కన ఉంటుంది. చాలామంది బూమ్ ఎటుంటే ఆ పేరు పెడతారు, అది తప్పు. గాలి ఎటునుంచో చూసి చెప్పాలి. రెండు తెరచాప పడవలు ఎదురుపడితే పోర్ట్ ట్యాక్ మీదున్నది దారి ఇవ్వాలి. రెండూ ఒకే ట్యాక్ మీదుంటే విండ్‌వర్డ్‌లో ఉన్నది తప్పుకోవాలి.

గాలి వెనకనుంచి ఉన్నప్పుడు పడవ వెనక కొసను గాలి వచ్చే దిక్కు దాటించి పక్క మారితే దాన్ని జైబ్ అంటారు. ఇక్కడ జాగ్రత్త. ట్యాక్‌లో బూమ్ నిదానంగా దాటుతుంది, జైబ్‌లో ఒక్క ఊపున దాటుతుంది. తలలు పగిలేది అప్పుడే. "జైబ్" అని వినబడితే మొదట తల వంచండి, అర్థం తరవాత తలచుకోవచ్చు. పిల్లల్ని పంపేటప్పుడు ఈ ఒక్క మాటైనా నేర్పి పంపండి. వేగంగా గాలి ఉన్నరోజు కొత్తవాళ్లు జైబ్ చేయకుండా, ముక్కును గాలివైపు గుండ్రంగా తిప్పి ట్యాక్ చేసుకుని రావచ్చు. కాస్త దూరమే గానీ క్షేమం.

చుక్కాని రడ్డర్. దాన్ని తిప్పే పిడి టిల్లర్. టిల్లర్‌ను ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. స్టీరింగ్ చక్రం ఉన్న లాంచీలో ఇది ఉండదు, కారులాగే ఎటు తిప్పితే అటు. పాతకాలంలో ఆజ్ఞలు టిల్లర్ లెక్కన ఇచ్చేవాళ్లు. 1912లో టైటానిక్ మీద "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్" అన్నప్పుడు ఓడ తిరిగింది ఎడమకు. అది చదివి "తప్పు తిప్పారు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

5. తాళ్లు, ముళ్లు

పడవలో ఏ తాడునూ తాడు అనరని కొత్తవాళ్లు విసుక్కుంటారు. మన దగ్గర మాత్రం అంటామా? బాయిలోంచి నీళ్లు చేదేది చేంతాడు. ఎద్దు ముక్కుకు ముకుతాడు, మెడకు పలుపు, తోలేవాడి చేతిలో పగ్గం. తాటిచెట్టు ఎక్కేవాళ్లకు మోకు. ఏ పనికి ఆ పేరు. పడవ మీదా అంతే:

తెరచాపను పైకి ఎత్తే తాడు హాల్యార్డ్. తెరచాపను లోపలికి లాగి, బయటికి వదిలే తాడు షీట్. అంటే షీట్ తెరచాపకు పగ్గం. అది గుడ్డ కాదు! నేను మొదటిసారి "షీట్ వదులు" అని వినగానే తెరచాపను పట్టుకున్న చేయి వదిలేసి, తాడు గట్టిగా పట్టుకున్నాను. పడవ ఒరిగి నీళ్లు మింగాను. చిన్న పడవ ముక్కుకు కట్టి ఒడ్డుకు లాగే తాడు పెయింటర్. రేవుకు కట్టేవి మూరింగ్ తాళ్లు.

రెండే ముళ్లు నేర్చుకోండి చాలు.

బౌలైన్ జారని ఉచ్చు. తాడు మధ్యలో చిన్న చుట్టు తిప్పండి, అది పాముపుట్ట. పొడుగ్గా మిగిలిన వైపు చెట్టు. కొసను పుట్టలోంచి కిందినుంచి పైకి తీయండి, చెట్టు వెనకనుంచి తిప్పండి, తిరిగి అదే పుట్టలోకి దింపండి. కొస, చెట్టు రెండూ పట్టి బిగించండి. సరిగా వచ్చిందో చూడాలంటే ఉచ్చును తలుపు గడియకు తగిలించి మీ బరువంతా వేసి లాగండి. ఉచ్చు చిన్నదయిందంటే చుట్టు తిరగేసి వేశారు, పుట్టను రెండో దిక్కుకు తిప్పి మళ్లీ వేయండి. బరువు తీసేశాక ముడి వేళ్లతోనే విప్పగలగాలి.

రెండోది క్లీట్ ముడి. రేవులో, పడవ అంచున రెండు కొమ్ముల ఇనుప దిమ్మె ఉంటుంది, అది క్లీట్. తాడును ముందు దూరపు కొమ్ము కింది నుంచి పట్టించి దిమ్మె చుట్టూ ఒక చుట్టు వేయండి. తరవాత కొమ్ముల మీదుగా అడ్డంగా ఎనిమిది అంకెలా ఒకసారి తిప్పి, చివరి మెలిక తిరగేసి కొమ్ముకు తగిలించి బిగించండి. కనబడినంత తాడూ చుట్టేస్తే గట్టిగా ఉంటుందనుకోకండి. పది చుట్లు వేసిన తాడును హడావుడిలో విప్పడం ఎవరివల్లా కాదు.

లంగరు గురించి ఒక లెక్క. లంగరు బరువుతో కాదు, అడుగున పడుకుని మట్టిని పట్టుకుని ఆపుతుంది. తాడు నిట్టనిలువుగా ఉంటే ఊడివస్తుంది. అందుకే నీటి లోతుకు పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి కనీసం 5 రెట్లు, గాలి ఉంటే 7 రెట్లు తాడు వదలాలి. ఈ నిష్పత్తిని స్కోప్ అంటారు. 4 మీటర్ల నీళ్లు, 1 మీటరు ముక్కు ఎత్తు అయితే 25 నుంచి 35 మీటర్ల తాడు. లంగరు నిలిచిందో లేదో చూడటానికి ఒడ్డు మీద ఒక చెట్టును, దాని వెనక ఒక కొండకొసను వరసలో పెట్టుకోండి. పది నిమిషాల తరవాత వరస చెదరకపోతే నిలిచినట్టు. లంగరు ఎప్పుడూ ముక్కునుంచే. వెనక కొసనుంచి వేస్తే అలలు తక్కువ ఎత్తున్న పక్కనుంచి లోపలికి దూకుతాయి.

6. నాట్ లెక్క

నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. వెనకటికి ఓడ వెనకనుంచి చెక్క కట్టిన తాడు వదిలి, దానికి 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి వేసి, 28 సెకన్ల ఇసుక గడియారం పూర్తయ్యేలోపు ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవాళ్లు. ముడి వేగమైంది అట్లా.

నోటిలెక్క కావాలంటే నాట్లను రెట్టింపు చేసి అందులో పదోవంతు తీసేయండి. 10 నాట్లు, రెట్టింపు 20, పదోవంతు 2 పోతే 18. అసలు లెక్క 18.52, మనకు చాలు. "గంటకు 10 నాట్లు" అనకండి. గంట అందులోనే ఉంది. సాగర్ లాంచీలో ఫోన్ జీపీఎస్ పెట్టుకుని కిలోమీటర్లను నాట్లలోకి మార్చి చూడండి, రెండు ప్రయాణాల్లో అలవాటవుతుంది. సాగర్ మట్టం 590 అడుగులు, ఇన్ని టీఎంసీలు అని పేపర్లో వచ్చేవి ఇంజనీర్ల లెక్కలు, ఓడ మాటలు కావు. రెండూ కలపకండి.

7. పలికే తీరు

రాసినట్టు చదివితే నవ్వుతారని భయపడే మాటలు నాలుగున్నాయి. పడవ పై అంచు 'గన్‌వేల్' అని రాసి 'గనల్' అంటారు. 'లీవర్డ్'ను నావికులు 'లూవర్డ్' అంటారు. 'బౌలైన్' వాళ్ల నోట 'బోలిన్'. ఓడ మీద నావికుల పని చూసే మేస్త్రీ 'బోట్‌స్వెయిన్' అనేది 'బోసన్'. నేనిక్కడ చదవడానికి తేలికని రాతను బట్టి రాశాను, మీరు వినేటప్పుడు ఇట్లా వినబడతాయి. మన వైపు లాంచీల్లో బోసన్లు ఉండరు, లాంచీ నడిపే సరంగు ఉంటాడు. ఇంటర్వ్యూకు పోయే పిల్లలకు మాత్రం ఇది పనికొస్తుంది.

8. లాంచీలో పరీక్ష

ఇంట్లో నేర్చుకున్నది సాగర్ హిల్ కాలనీ వైపునుంచి లాంచీ ఎక్కి సరిచూసుకోండి. గాలిదుమారం లేచే ఎండాకాలపు సాయంత్రాలు, మబ్బు పట్టిన రోజులు వద్దు. లైఫ్ జాకెట్ ఒడిలో పెట్టుకోకండి, వేసుకుని నడుం పట్టీలు బిగించండి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాకా లేచిందంటే అది వదులుగా ఉన్నట్టు, నీళ్లలో నెత్తిమీదుగా ఊడిపోతుంది.

ఎక్కాక ముందు సీటులో కూర్చోకండి, అంచు పక్కన కూర్చోండి. ఎర్ర, పచ్చ దీపాలు ఎక్కడున్నాయో వెతకండి. లాంచీ కదలకముందు ఫ్రీబోర్డ్ ఎంతుందో కంటితో అంచనా వేయండి. జెండా గానీ, ఎవరి చున్నీ గానీ ఎటు ఎగురుతుందో చూసి విండ్‌వర్డ్ ఏదో మనసులో చెప్పుకోండి. లాంచీ మలుపు తిరిగాక మళ్లీ చెప్పుకోండి. పోర్ట్ మారదు, విండ్‌వర్డ్ మారుతుంది. ఈ తేడా ఒంటికి తెలిసేదాకా ఎన్ని మలుపులైనా చేయండి. మూరింగ్ తాడు విప్పే కుర్రాణ్ణి గమనించండి, క్లీట్ మీద ఎన్ని చుట్లు వేశాడో లెక్కపెట్టండి.

హారన్ కూడా వినండి. సముద్ర నిబంధనల ప్రకారం ఒక పొట్టి కూత "స్టార్‌బోర్డ్‌కు తిరుగుతున్నా", రెండు "పోర్ట్‌కు తిరుగుతున్నా", మూడు "ఇంజను వెనక్కి తిప్పుతున్నా", అయిదు "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు, ప్రమాదం". మన రేవులో మాత్రం హారన్ మోగిందంటే చాలావరకు "తొందరగా ఎక్కండి" అనే. దాన్ని బట్టి లాంచీ ఎటు తిరుగుతుందో చెప్పబోయి పక్కవాళ్ల ముందు అభాసుపాలు కాకండి.

సరంగును ప్రశ్నలడగాలనుకుంటే లాంచీ రేవుకు కట్టేశాక అడగండి, నడిపేటప్పుడు కాదు. "అన్నా, ఈ బోటు డ్రాఫ్ట్ ఎంత?" అంటే వింతగా చూడొచ్చు. "అన్నా, బోటు ఎంత మునుగుతది?" అనండి. వేలితో చూపించి మరీ చెప్తాడు.